కాంతం సొంఠి ముద్ద

కొత్తపేట చుట్టుపక్కల ఏ ఇంట్లో ఆడపిల్లకి నెలలు నిండినా ముందు కాంతానికి కబురెళ్ళేది. పురుడు ఏ నర్సింగ్‌హోములోనైనా పోసుకోనివ్వండి, బాలింత నోట్లో పడే కాయం మాత్రం కాంతం చేతిది కావాలి. సొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, పాతబెల్లం పాకంలో వేసి, నువ్వులనూనె, నెయ్యి పోస్తూ చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పితే వచ్చే నల్లటి ముద్ద అది. పొద్దున్నే ఉసిరికాయంత ఉండ మింగిందంటే బాలింతకి ఆకలి పుట్టుకొచ్చేది, పీక్కుపోయిన మొహం తేరుకునేది. జనం ఆవిడని సొంఠి కాంతం అనేవారు. ఎదురుగా ఎవరైనా ఆ మాటంటే పైకి కోప్పడేది, లోపల పొంగిపోయేది. ఆ పొంగే కొంప ముంచింది. నేను చెప్పబోయేది ఆ సంగతే.

అసలు ఆవిడ అల్లం కొట్లో కొన్న మనిషి కాదు. మొగుడు సింహాద్రికి కాలవ పక్కన చిన్న కొబ్బరితోట ఉంది. చెట్ల నీడలో ఎత్తుగా మళ్ళు కట్టి, తొలకరి ముందు అల్లం కొమ్ములు నాటేది. ఒక్కో ముక్కకి రెండు కళ్ళు తగ్గకుండా చూసి కోసేది. నాటాక పైన ఎండాకులు కప్పేది. నీళ్ళు నిలిస్తే కొమ్ము కుళ్ళిపోతుందని వానాకాలమంతా పార పట్టుకుని తోటలోనే ఉండేది. సంక్రాంతి వెళ్ళాక ఆకులు పండి వాలిపోతే అప్పుడు తవ్వేది. కొంత పచ్చిది ఉంచుకుని, మిగతాది పైతోలు గీకి, సున్నపు తేటలో ముంచి ఎండేసేది. డాబా మీద ఎండేసిన సొంఠి దగ్గరికి కాకిని కూడా రానిచ్చేది కాదు. కాకి సొంఠి తింటుందా అని ఎవరూ అడగలేదు, అడిగితే తిట్లు తినాల్సొచ్చేది.

తొంభై ఎనిమిదిలో ఎదురింట్లోకి శ్యామ్ బాబు గారు అద్దెకొచ్చారు. అమలాపురంలో కెమిస్ట్రీ లెక్చరరు. ఆయన భార్య పురిటికి కాయం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, కాంతం పళ్ళెంలో ఉన్న అల్లం కొమ్ముని ఆయన చేతిలోకి తీసుకున్నారు.

"ఇది వేరనుకుంటారండి అందరూ. నిజానికి కాండం అండి కాంతం గారూ."

"మీరు కాలేజీలో ఏవన్నా చెప్పుకోండి బాబుగారూ. భూమిలో ఉన్నదాన్ని పట్టుకుని కాండం అంటే పిల్లలు నవ్విపోతారండి."

"ఈ కణుపులు చూడండి. కణుపు కణుపుకీ పొలుసుంది, పొలుసు చాటున కన్నుంది. వేరుకెక్కడైనా కళ్ళుంటాయా చెప్పండి?"

కాంతం కొమ్ముని అటూ ఇటూ తిప్పింది. "ఆయ్, నిజవేనండోయ్. ఇన్నేళ్ళూ ఆ కళ్ళు చూసే కోస్తన్నాను, ఇది కాండం అని ఒక్కళ్ళూ చెప్పలేదు."

ఆయనకి ఉత్సాహం వచ్చింది. పాఠం చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు దొరికితే ఊరుకుంటారా? అల్లానికి గింజ కట్టదనీ, పువ్వు పూసినా అది పూతతోనే సరి అనీ, కొమ్ములోంచి కొమ్ము రావడమే తప్ప వేరే పుట్టుక లేదనీ చెప్పారు. పచ్చి అల్లంలో ఉండే ఘాటు పేరు జింజెరాల్ అట. ఎండబెడితే అందులోంచి నీరు విడిపోయి అది షోగాల్ అనే ఇంకో పదార్థమవుతుందట, దాని ఘాటు రెండింతలట. ఉడికిస్తే కొంత జింజెరోన్‌గా మారి ఘాటు చచ్చి కమ్మటి వాసనొస్తుందట. "అందుకేనండి మీ సొంఠి పొడి నాలిక్కి తగిలితే చెవులు వేడెక్కేది" అన్నారు. వేవిళ్ళకీ, బస్సులో కడుపులో తిప్పేదానికీ, అజీర్తికీ పనికొస్తుందని పెద్ద పెద్దవాళ్ళే ఒప్పుకున్నారన్నారు. చివర్న ఇంకో మాట కూడా అన్నారు. "రక్తాన్ని కొంచెం పల్చన చేస్తుందని కూడా ఎక్కడో చదివేనండి. ఇంకా తేలలేదనుకోండి."

కాంతం ఆ మాటలో మొదటి సగం చెంగున కట్టుకుని ఇంటికొచ్చింది. "తేలలేదు" అన్న సగం శ్యామ్ బాబు గారింటి అరుగు మీదే వదిలేసింది.

ఇక సత్యనారాయణమ్మ సంగతికొద్దాం. కాంతానికి తోడికోడలు, సింహాద్రి అన్నగారు పెదబాబు గారి భార్య. ఒకే ఇల్లు, మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేసుకున్నారు. పెరడు ఒక్కటే, నుయ్యి ఒక్కటే, మాటలే రెండు రకాలు. కాంతం కొత్తకోడలిగా వచ్చిన ఏడు చేసిన పులుసు నోట్లో పెట్టుకుని, "మీ పుట్టింట్లో ఉప్పు దొరకదా అమ్మాయ్?" అంది సత్యనారాయణమ్మ, చుట్టాలందరి ముందూ. అంతే. ఆ తర్వాత ఊరంతా కాంతం చేతిని మెచ్చుకున్నా, గోడవతల మనిషి ఒక్కనాడూ మెచ్చుకోలేదు. కాంతం ఎవరింటికి కాయం పట్టుకెళ్ళినా ఆ గోడ వైపు ఓసారి చూసి మరీ వెళ్ళేది. అంత పిచ్చి ఉండేది ఆ మెప్పు మీద.

రెండువేల మూడులో సత్యనారాయణమ్మకి మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. గుండెలో వాల్వు పాడైందన్నారు. హైదరాబాదు తీసుకెళ్ళి ఛాతీ కోసి లోహపు వాల్వు వేయించుకొచ్చారు. దాని దగ్గర రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. నెలనెలా కాకినాడ వెళ్ళి, రక్తం ఎంత పల్చగా ఉందో పరీక్ష చేయించుకోవాలి. ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. ఇవన్నీ డాక్టరు గారు విడమరిచి చెప్పారు, పెదబాబు గారు తలూపారు. సొంఠి ఊసు ఆయనా ఎత్తలేదు, వీళ్ళూ ఎత్తలేదు. ఎందుకెత్తుతారు? మంచం దిగిన మనిషికి వేడన్నంలో నెయ్యీ సొంఠిపొడీ కలిపి మొదటి ముద్ద పెట్టడం మన వైపు ఇళ్ళల్లో కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం లాంటిది. అది మందనీ అనుకోరు, తిండనీ అనుకోరు.

ఆ మొదటి ముద్ద కాంతమే పెట్టింది. ఛాతీ కుట్ల వల్ల ఆవిడకి చెయ్యి ఎత్తడం కష్టంగా ఉంది, పెదబాబు గారికి అన్నం కలపడం రాదు. గోడ చుట్టూ తిరిగి కాంతం కంచం పట్టుకుని వచ్చింది. దగ్గరగా కూర్చుని ముద్ద పెడుతుంటే ఆవిడ ఛాతీలోంచి టిక్కు టిక్కుమని వినిపించింది. వాచీ ఎక్కడుందా అని కాంతం చుట్టూ చూసింది, అది వాల్వని తర్వాత తెలిసింది.

సత్యనారాయణమ్మ ముద్ద నమిలి మింగింది. కళ్ళు మూసుకుంది. "హైదరాబాదులో ఇన్నాళ్ళూ గడ్డి తిన్నట్టుందే కాంతం. ఇప్పుడు నోరు తెరుచుకుంది" అంది.

కాంతం ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. కడుపు నిండిపోయింది మరి.

మర్నాడు చిటికెడు పొడి చెంచాడయింది. ఆవిడ ఇంకొంచెం వెయ్యమంది, కాంతం వేసింది. తర్వాత పొద్దున్నే సొంఠి కషాయం మొదలెట్టింది. పచ్చి అల్లం తోటలో ఉన్నా సొంఠే వాడింది, దాని ఘాటు రెండింతలని లెక్చరరు గారు చెప్పారు కదా! ఇంకా ఎక్కువే ఆలోచించింది. మాత్ర రక్తాన్ని పల్చన చేస్తుంది, సొంఠీ పల్చన చేస్తుంది, రెండూ ఒక పనే చేస్తుంటే రెండు పూటల పని ఒక్క పూటలో అయినట్టే కదా అనుకుంది. ఎవర్నైనా అడిగిందా? అబ్బే! ఎదురింట్లోనే శ్యామ్ బాబు గారున్నారు, అరుగు దిగితే చాలు. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. ఈ ముక్క ఆవిడ తర్వాత తనలో తను ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో లెక్కలేదు.

సత్యనారాయణమ్మకి పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం వచ్చింది. బ్రష్షు గరుగ్గా ఉందనుకున్నారు. ముంజేతి మీద నల్లటి మచ్చ లేచింది. తలుపు తగిలిందనుకున్నారు. ఓ పొద్దున ముక్కులోంచి మొదలైన రక్తం తువ్వాలు తడిసినా ఆగలేదు. కారు మాట్లాడుకుని కాకినాడ పరిగెత్తారు. కాంతం కూడా వెళ్ళింది, ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని.

పరీక్ష చూసి డాక్టరు గారి మొహం మారిపోయింది. "ఇంత పల్చనవడానికి వీల్లేదే! వేరే మందులేవైనా వాడుతున్నారా? పసర్లు, కషాయాలు, పొడులు, ఏవైనా?"

"ఏం లేవండీ. మీరు రాసిన మాత్రే అండి" అన్నారు పెదబాబు గారు. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకి నిజంగా సొంఠి మందుగా కనపడలేదు.

డాక్టరు గారు కాంతం వైపు చూశారు. "అమ్మా, మీరేనా వంట చేసేది? ఏమైనా ఇస్తున్నారా?"

పొడులు అన్న మాట చెవిన పడగానే కాంతానికి శ్యామ్ బాబు గారి మాట, చెంచా, కషాయం గిన్నె, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. చెబితే ఏమవుతుంది? పాత కసితో తోడికోడలికి పెట్టకూడనిది పెట్టిందంటారు. సొంఠి కాంతం చేత్తో ఇక ఏ బాలింతా ఏదీ తినదు. నోరు తెరిచింది.

"ఏం లేదండి" అంది.

ముక్కులో దూది పెట్టుకుని పడుకున్న సత్యనారాయణమ్మ కూడా ఏమీ అనలేదు. ఆవిడకి మాట్లాడే ఓపిక లేదు, సొంఠి మందని తోచనూ లేదు.

డాక్టరు గారు మాత్ర కొన్ని రోజులు ఆపి, తర్వాత సగం చేశారు. ఇంటికి పంపేటప్పుడు వేలు చూపించి మరీ చెప్పారు. "ఇప్పుడు తింటున్న తిండికి సరిపోయేటట్టు డోసు తగ్గించాను. తిండిలో ఏదీ మార్చకండి. ఏదైనా మారితే మళ్ళీ లెక్క తప్పుతుంది. రక్తం చిక్కబడితే వాల్వు దగ్గర గడ్డ కడుతుంది, అది తలకి పోతే చాలా ప్రమాదం."

కాంతం ఆ మాటలు విన్నది, అర్థం చేసుకున్నది. ఇప్పుడు సొంఠి పెడితే భయం, మానేస్తే భయం. ఒక్క మాట చెబితే రెండు భయాలూ పోతాయి. ఆ ఒక్క మాటే నోరు దాటి రాలేదు. దారి పొడుగునా కారులో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. ఇంటికొచ్చి సొంఠి డబ్బా అటక మీదికి తోసేసింది.

"ముద్దలో సొంఠి లేదేంటే?" అని అడిగింది సత్యనారాయణమ్మ.

"బూజు పట్టేసిందక్కయ్యా. పారబోసేను."

"అంతా?"

"అంతా అక్కయ్యా."

రోజూ చెబుదామనే గోడ దాటేది. కంచం ముందు పెట్టుకుని, టిక్కు టిక్కు వింటూ, రేపు చెబుదాంలే అనుకుని తిరిగొచ్చేది. పరీక్షకి వెళ్ళే రోజు ఎలాగూ వస్తోంది కదా, డాక్టరు గారే సరిచేస్తారులే అని తనకి తనే సర్దిచెప్పుకునేది. ఆ రోజు రాకముందే ఒక మధ్యాహ్నం, పెట్టిన ముద్ద సత్యనారాయణమ్మ నోటి పక్కనుంచి కిందికి జారింది. "ఏంటక్కయ్యా?" అంటే మాట ముద్దగా వచ్చింది. కుడిచెయ్యి ఎత్తబోయింది. లేవలేదు.

ఈసారి కాకినాడలో డాక్టరు గారు ఏమీ అడక్కముందే కాంతం ఆయన గదిలోకి తోసుకెళ్ళిపోయింది. నర్సు ఆపుతున్నా ఆగలేదు. చెంచాలెక్క, కషాయం లెక్క, ఏ రోజు మొదలెట్టిందీ, ఏ రోజు మానేసిందీ, పోయినసారి అడిగినప్పుడు అబద్ధమాడిందీ, అన్నీ నిలబడే చెప్పేసింది.

ఆయన కేకలేస్తారనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సొంఠి వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేనమ్మా. ఒక్కో శరీరం ఒక్కోలా ఉంటుంది. మామూలువాళ్ళు కూరలో తినే అల్లం వల్ల ఏమీ కాదు. ఈ మాత్ర వేసుకునేవాళ్ళకి అంతంత సొంఠి మాత్రం వద్దు. మీరప్పుడే చెప్పి ఉంటే సొంఠి మాన్పించి, మాత్ర పాత లెక్కకే తెచ్చి, పరీక్షలతో చూసుకుంటూ ఉండేవాణ్ణి. సగం చేసేవాణ్ణి కాదు."

అంతే అన్నారు. కొట్టినా బాగుండేదనిపించింది కాంతానికి.

మందు లెక్క సరిచేశారు. సత్యనారాయణమ్మ బతికింది. మాట కూడా మెల్లగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పడుకునే ఉంది.

కాంతం మూడుపూటలా ముద్దలు పెట్టేది, తల దువ్వేది, చీర కట్టేది. చూడ్డానికొచ్చిన వాళ్ళందరితోనూ సత్యనారాయణమ్మ ఒకటే మాట. "నా కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యరండి. మా కాంతం చెయ్యి బంగారం." పాతికేళ్ళు ఏ మాట కోసం గోడ వైపు చూసిందో ఆ మాట ఇప్పుడు పూటపూటా వినబడుతోంది. విన్నప్పుడల్లా కాంతం నుయ్యి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుని వచ్చేది. కూరలో అల్లం వాసన తగిలినా ముద్ద దిగేది కాదు. ఆ ఏడు తోటలో అల్లం తవ్వలేదు. ఆకులు పండి వాలిపోయాయి, కొమ్ములు మట్టిలోనే ఉండిపోయాయి.

రాయవరం నుంచి వచ్చిన చుట్టాలావిడ ఒకామె, "ఇలాంటి తోడికోడలు దొరకాలంటే పెట్టిపుట్టాలండి" అని కాంతం గడ్డం పట్టుకుని వెళ్ళాక, ఇక ఓర్చుకోలేకపోయింది. కంచం కింద పెట్టి, సత్యనారాయణమ్మ కాళ్ళ దగ్గర కూలబడి మొత్తం చెప్పేసింది. బూజు పట్టలేదనీ, డబ్బా అటక మీదే ఉందనీ చెప్పింది. "నువ్వు మెచ్చుకున్నావనే ఎక్కువేసేనక్కయ్యా. నా పేరు పోద్దని నోరు మూసుకున్నాను. నీ చెయ్యి నేనే తీసేసేను. పదిమందిలో చెప్పు, నన్ను తిట్టు, బావగారితో చెప్పి కొట్టించు" అని ఏడ్చింది.

గదిలో టిక్కు టిక్కు ఒక్కటే వినిపించింది.

"మొదటిసారి డాక్టరు గారు అడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసక్కయ్యా."

"తెలిసీ చెప్పలేదు."

"చెప్పలేదు."

ఆవిడ ఎడంచేత్తో కంచాన్ని తన వైపు లాక్కుంది. "నాకో స్పూను పట్రా" అంది.

"నేను పెడతానక్కయ్యా..."

"స్పూను పట్రమ్మన్నాను."

కాంతం తెచ్చింది. సత్యనారాయణమ్మ ఎడంచేత్తో తినడం మొదలెట్టింది. సగం మెతుకులు చీర మీద పడ్డాయి. ఏరబోయిన కాంతం చేతిని మోచేత్తో తోసేసింది. ఏరిపెట్టనివ్వలేదు, లేచి వెళ్ళిపోనూలేదు. ఆ పూటే కాదు, ఆ తర్వాత ఏ పూటా కాంతం చేతి ముద్ద ఆవిడ నోట్లోకి వెళ్ళలేదు.

ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు ఆవిడ. పెదబాబు గారికి కూడా చెప్పలేదు. "ఎందుకు చెప్పవక్కయ్యా?" అని కాంతమే ఓసారి బతిమాలినట్టు అడిగితే, "చెప్పి ఏం చెయ్యను? నిన్ను నలుగురూ తిడితే నా చెయ్యి లేస్తాదా?" అంది. అంత మెత్తటి మాట అంత లోతుగా దిగుతుందని కాంతానికి అప్పటిదాకా తెలీదు.

కాయం మానేద్దామనుకుంది కాంతం. జనం మాననిస్తేనా! గుమ్మం ముందు నిలబడి బతిమాలారు. చివరికి మళ్ళీ అల్లం నాటింది, మళ్ళీ దంచింది. ఒక్కటే తేడా. ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి అడిగేది. అమ్మాయి ఏం మాత్రలు వేసుకుంటోంది, గుండె జబ్బుందా, ఆపరేషనయిందా, రక్తం ఎక్కువ పోయిందా. డాక్టరు గారు రాసిన చీటీ పట్రమ్మనేది, తెస్తే శ్యామ్ బాబు గారికి చూపించేది. ఆయన కూడా "ఇది నాకు తెలీదండి, డాక్టర్నే అడగండి" అని సగం చీటీలు వెనక్కిచ్చేవారు. అప్పుడు కాయం ఇచ్చేది కాదు. "కాంతం గారు డాక్టరమ్మయిపోయేరండోయ్" అని నవ్వుకునేవారు. నవ్వనిచ్చేది.

రెండువేల ఆరు వేసవిలో ఒకావిడ ఉప్పలగుప్తం నుంచి వచ్చింది. కూతురికి పురుడొచ్చి వారమయిందట. ఆటో బయట ఆగే ఉంది, డ్రైవరు హారను కొడుతున్నాడు. కాంతం అడిగినవాటికి ఆవిడ నిలబడే జవాబులు చెప్పేసింది. "ఏం మాత్రలూ లేవండి, ఏ జబ్బూ లేదండి, మీరు తొందరగా ఇచ్చెయ్యండి బాబూ."

అవతల వాటా అరుగు మీద సత్యనారాయణమ్మ భోంచేస్తోంది. మధ్య గోడ అక్కడ నడుం ఎత్తే ఉంటుంది. స్పూను కంచంలో పెట్టి ఇటు తిరిగింది.

"ఇదిగో అమ్మాయ్. మా కాంతం కాయం మంచిదే. కానీ ఆవిడ అడిగినదానికి నిలబడి కాదు, కూర్చుని ఆలోచించి నిజం చెప్పు. అడిగినప్పుడు నిజం చెప్పకపోతే తర్వాత ఎవరో ఒకళ్ళు ఎడంచేత్తో తినాల్సొస్తాది."

వచ్చినావిడ అదేదో పెద్దావిడ వేళాకోళమనుకుని నవ్వింది. సత్యనారాయణమ్మ నవ్వలేదు, కాంతం వైపు చూడనూలేదు. మళ్ళీ స్పూను అందుకుంది.

కాంతం చేతిలో ఉన్న కాయం డబ్బా మూత పెట్టేసింది. పీట వాల్చి ఆవిడని కూర్చోమంది. ఆటోవాడికి ఆగమని కేకేసింది. "అమ్మాయి ఏం మాత్రలు వేసుకుంటందండి?" అని మళ్ళీ మొదట్నుంచి అడగడం మొదలెట్టింది.